భారతదేశంలో మందుల విపణి: నియంత్రణ, ధరలు, చెల్లింపులు

భారతదేశంలో మందు మంచిదా కాదా అన్నది ఒక శాఖ చూస్తుంది, ధర ఎంత ఉండాలన్నది మరో శాఖ చూస్తుంది, ఆ డబ్బు ఎవరు కట్టాలన్నది ఇంకొందరు తేలుస్తారు. నాణ్యత, అనుమతులు కేంద్ర ఆరోగ్య శాఖ, రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖల పని. ధరలు రసాయనాలు, ఎరువుల మంత్రిత్వ శాఖలోని ఫార్మాస్యూటికల్స్ విభాగం చేతిలో ఉన్నాయి. పేటెంట్లు వాణిజ్య శాఖ పరిధిలోవి. వైద్య ఖర్చు భరించే పథకాలను ఆరోగ్య, కార్మిక, రక్షణ, రైల్వే శాఖలూ రాష్ట్ర ప్రభుత్వాలూ ఎవరికి వారు నడుపుతున్నాయి.

ప్రభుత్వ లెక్కల ప్రకారం మందుల ఉత్పత్తి పరిమాణంలో భారత్‌ది ప్రపంచంలో మూడో స్థానం. విలువలో మాత్రం పదో స్థానానికి ఆవలే ఉంటూ వచ్చింది. ఇక్కడి మందులు చవక కావడమే ఈ తేడాకు ముఖ్య కారణం. అయినా ఇంట్లో జబ్బు చేస్తే చేతినుంచి పోయే డబ్బులో పెద్ద వాటా మందులదే. ఇంగ్లండు, జర్మనీ వంటి దేశాల్లో మందు ఖర్చు ప్రధానంగా ప్రభుత్వమో ఆరోగ్య బీమా నిధులో భరిస్తాయి కనుక ధర దగ్గర బేరమూ అవే ఆడతాయి. భారత్‌లో ఓపీ మందులకు డబ్బు కట్టేది ఎక్కువగా రోగే. అతని తరఫున బేరమాడే సంస్థ లేదు. అందుకే ప్రభుత్వం స్ట్రిప్పు మీద అచ్చయ్యే గరిష్ఠ చిల్లర ధరకే, అంటే ఎంఆర్‌పీకే, కళ్లెం వేసింది. దేశంలోని ధరల నియంత్రణ బలమూ బలహీనతా ఇక్కడినుంచే మొదలవుతాయి.

చరిత్ర

క్వినైన్ వంటి మందుల్లో కల్తీ పెరిగిందన్న ఫిర్యాదుల మీద బ్రిటిష్ ప్రభుత్వం 1930లో కల్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన విచారణ సంఘం వేసింది. ఆ సంఘం సిఫార్సుల ఫలితమే 1940 నాటి ఔషధాల చట్టం. ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టంగా నేటికీ ఈ రంగానికి మూల చట్టం అదే. దాని కింద నియమాలు 1945లో వచ్చాయి. ఫార్మసిస్టుల చదువు, రిజిస్ట్రేషన్ కోసం 1948లో ఫార్మసీ చట్టం, అద్భుత చికిత్సల పేరిట జరిగే ప్రచారాన్ని అరికట్టడానికి 1954లో మరో చట్టం వచ్చాయి.

స్వాతంత్ర్యం వచ్చాక తొలి రెండు దశాబ్దాలు మార్కెట్ విదేశీ కంపెనీల గుప్పిట్లోనే ఉంది. 1911 నాటి పేటెంటు చట్టం మందుకే హక్కు ఇచ్చేది. యాంటీబయాటిక్‌ల ధరలు ప్రపంచంలో అత్యధికంగా ఉన్న దేశాల్లో భారత్ ఒకటని అమెరికా సెనేట్‌కు చెందిన కెఫావర్ ఉపసంఘం 1960 ప్రాంతంలో గుర్తించింది. దీనికి ప్రభుత్వం మూడు వైపులనుంచి జవాబు చెప్పింది. మొదటిది ప్రభుత్వ రంగంలో తయారీ: 1954లో పింప్రీలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్, 1961లో సోవియట్ సాయంతో ఐడీపీఎల్ ఏర్పడ్డాయి. రెండోది 1970 పేటెంట్ల చట్టం: జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ నివేదిక బాటలో అది మందుకు కాక తయారీ విధానానికే పేటెంటును పరిమితం చేసింది. అదే మందును వేరే దారిలో తయారుచేయడం దాంతో పేటెంటు ఉల్లంఘన కాకుండా పోయింది. మూడోది ధరల నియంత్రణ.

చైనా యుద్ధ సమయంలో 1962–63లో ధరలను ఉన్నచోట నిలిపివేసిన ఉత్తర్వులతో అది మొదలైంది. 1970లో నిత్యావసర సరుకుల చట్టం కింద తొలి సమగ్ర ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు వెలువడింది. ఇంగ్లిష్ అక్షరాలతో దీన్ని డీపీసీఓ అంటారు. 1975లో జైసుఖ్‌లాల్ హాథీ కమిటీ బహుళజాతి కంపెనీల పెత్తనం తగ్గించాలనీ, బ్రాండు పేర్లను క్రమంగా తొలగించాలనీ సూచించింది. 1979 ఉత్తర్వు 347 ముడి మందులను నియంత్రణలోకి తెచ్చి, మందు అవసరాన్ని బట్టి ఖర్చుమీద 40, 55, 100 శాతం చొప్పున అదనపు మార్జిన్ అనుమతించింది. ఈ ఉత్తర్వు మీద వచ్చిన సైనమైడ్ ఇండియా కేసులో 1987లో తీర్పు రాసింది అనంతపురం జిల్లా గుత్తికి చెందిన జస్టిస్ ఒ. చిన్నప రెడ్డి. ధరల నిర్ణయం శాసన స్వభావం గల చర్య అనీ, ప్రతి కంపెనీనీ పిలిచి వాదన వినాల్సిన అవసరం లేదనీ ఆ తీర్పు తేల్చింది. తరవాతి ధరల కేసుల్లో దీన్ని తరచూ ఉదహరిస్తారు.

ఆ తరవాత నియంత్రణ పరిధి కుదించుకుపోతూ వచ్చింది. 1987 ఉత్తర్వులో సుమారు 140 ముడి మందులుంటే, ఆర్థిక సంస్కరణల తరవాత వచ్చిన 1995 ఉత్తర్వులో మిగిలినవి 74. 1997 ఆగస్టులో ధరల నిర్ణయానికి విడిగా జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ, అంటే ఎన్‌పీపీఏ, ఏర్పడింది. అత్యవసర మందులు నియంత్రణ దాటిపోకుండా చూడాలని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వ్యాజ్యాల ఒత్తిడిలోనే 2012లో కొత్త ధరల విధానం, 2013 మే 15న కొత్త ఉత్తర్వు వచ్చాయి. ఇప్పుడు అమల్లో ఉన్నది ఇదే.

నాణ్యత, అనుమతులు

కేంద్రంలో ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థకు అధిపతి భారత ఔషధ నియంత్రణాధికారి. కొత్త మందులకు అనుమతి, క్లినికల్ ట్రయల్స్, దిగుమతులు, టీకాల వంటి కొన్ని వర్గాల లైసెన్సులు ఆ సంస్థ పని. మామూలు మందుల తయారీ లైసెన్సు, షాపుల లైసెన్సు, తనిఖీ, నమూనాల సేకరణ, కేసులు రాష్ట్రాలవి. మందు ‘కొత్తది’గా లెక్కకొచ్చే గడువు సాధారణంగా నాలుగేళ్లు. అది దాటాక ఏ కంపెనీ అయినా నేరుగా రాష్ట్ర అధికారి దగ్గర లైసెన్సు తీసుకోవచ్చు. ఒక రాష్ట్రం ఇచ్చిన తయారీ లైసెన్సుతో దేశమంతటా అమ్ముకోవచ్చు. సిబ్బంది, ప్రయోగశాలలు తక్కువగా ఉన్న రాష్ట్రంలో తయారైన మందు తనిఖీ గట్టిగా ఉన్న రాష్ట్రంలోకీ వస్తుంది. తయారీ లైసెన్సులను కేంద్రీకరించాలని 2003లో మషేల్కర్ కమిటీ చెప్పినా, 2007, 2013 బిల్లులు చట్టం కాలేదు.

క్లినికల్ ట్రయల్స్‌కు 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వర్తిస్తాయి. దేశంలో కనుగొన్న మందు ట్రయల్ దరఖాస్తుకు 30 రోజులు, మిగిలినవాటికి 90 రోజుల గడువుంది. ఈ నియమాల వెనక చేదు అనుభవాలున్నాయి. 2009లో ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రదర్శన ప్రాజెక్టు వాటిలో ఒకటి. కొందరు బాలికలు చనిపోవడంతో 2010లో దాన్ని ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. కానీ సంక్షేమ హాస్టళ్లలోని పిల్లల తరఫున అంగీకార పత్రాలు తీసుకున్న తీరును విచారణ సంఘం, ఆ తరవాత 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టాయి. ట్రయల్‌లో హాని జరిగితే పరిహారం చెల్లించాలన్న నిబంధన అదే ఏడాది వచ్చింది.

ఫ్యాక్టరీ ఎలా ఉండాలో చెప్పేది షెడ్యూల్ ఎం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలకు దగ్గరగా దాన్ని 2023 చివర్లో తిరగరాశారు. 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలకు ముందుగా వర్తింపజేసి, చిన్న, మధ్యతరహా యూనిట్లకు గడువు పొడిగించి 2025 చివరిదాకా సమయమిచ్చారు. గాంబియాలో 2022లో, మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో 2025లో పిల్లల మరణాలకు కారణమైన దగ్గు సిరప్‌లలో కనిపించింది ఒకే విషం, డైఇథిలీన్ గ్లైకాల్. 1986లో ముంబై జేజే ఆసుపత్రిలో గ్లిజరాల్ వాడిన రోగుల మరణాలకూ కారణం అదే. సిరప్‌లో వాడే ద్రావణిని ఫ్యాక్టరీలోకి రానిచ్చే ముందు పరీక్షిస్తే పట్టుబడే కల్తీ ఇది. నలభై ఏళ్లలో నియమాలు మారాయి గానీ ఆ ఒక్క పరీక్ష అన్నిచోట్లా జరుగుతుందన్న భరోసా రాలేదు.

మార్కెట్‌లోకి వచ్చిన మందును పరీక్షించడం డ్రగ్ ఇన్‌స్పెక్టర్ బాధ్యత. అతను షాపులో నమూనా తీసుకున్నప్పుడు దాన్ని నాలుగు భాగాలు చేసి సీలు వేస్తాడు. ఒకటి షాపు యజమానికి, ఒకటి ప్రభుత్వ విశ్లేషకుడికి, ఒకటి కోర్టుకు, ఒకటి తయారీదారుకు. ప్రమాణాలకు తగని బ్యాచ్‌ల పట్టికను కేంద్ర సంస్థ నెలనెలా ప్రకటిస్తుంది. ఆ పట్టిక వచ్చేలోగా ఆ బ్యాచ్‌లో చాలా భాగం అమ్ముడైపోవడం మామూలే.

అమ్మకం

చిల్లర మందుల షాపుకు ఫారం 20, 21 లైసెన్సులుండాలి, రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండాలి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివి షెడ్యూల్ హెచ్ మందులు. వాటిలో కొన్ని యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు, అలవాటు పడే మందులను విడదీసి 2014 మార్చి నుంచి హెచ్1 కింద పెట్టారు. వీటిని అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. ఆచరణలో చీటీ అడగని షాపులు ఊరూరా ఉన్నాయి. ఆన్‌లైన్ అమ్మకాలకు 2018లో ముసాయిదా నియమాలు వచ్చినా తుది రూపం దాల్చలేదు.

రెండు మూడు మందులు కలిపిన మిశ్రమ బిళ్లలు ఈ దేశపు మార్కెట్‌కు ప్రత్యేకమైన తలనొప్పి. వైద్యపరంగా అర్థంలేని వాటిని నిషేధించే అధికారం చట్టంలోని 26ఏ సెక్షన్ ఇస్తుంది. 2016 మార్చిలో 344 మిశ్రమాలను ఒకేసారి నిషేధించారు. కంపెనీలు కోర్టుకెక్కాయి. సుప్రీంకోర్టు సూచనతో పునఃపరిశీలన జరిగి 2018లో 328 మీద నిషేధం ఖరారైంది. 2024 ఆగస్టులో మరో 156 నిషేధంలో చేరాయి. వాటిలో చాలావాటికి పూర్వం లైసెన్సులిచ్చింది రాష్ట్రాలే.

ధర ఎలా తేలుతుంది

నియంత్రణకు ఆధారం జాతీయ అత్యవసర మందుల జాబితా. తొలి జాబితా 1996లో వచ్చింది. 2022 జాబితాలో 384 మందులున్నాయి. ఇందులో మందు పేరొక్కటే కాక మోతాదు, రూపం కూడా ఉంటాయి. వాటికి ఎన్‌పీపీఏ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. 1995 ఉత్తర్వులో తయారీ ఖర్చే లెక్కకు మొదలు. 2013 నుంచి మార్కెట్ ధరే మొదలు. ఒక శాతమో అంతకుమించో మార్కెట్ వాటా ఉన్న బ్రాండ్లన్నీ షాపుకు ఏ ధరకు ఇస్తున్నాయో తీసుకుని సగటు కడతారు. దానికి షాపు మార్జిన్ 16 శాతం కలుపుతారు. జీఎస్టీ అదనం.

ఒక ఉదాహరణ చూద్దాం. పది బిళ్లల స్ట్రిప్పును అయిదు కంపెనీలు షాపుకు 12, 18, 20, 25, 35 రూపాయలకు ఇస్తున్నాయనుకుందాం. సగటు 22 రూపాయలు. 16 శాతం కలిపితే 25.52. అయిదు శాతం జీఎస్టీతో కలిపి రోగి కట్టాల్సిన గరిష్ఠ ధర సుమారు 26.80. షాపుకు 35 రూపాయలకు ఇచ్చే కంపెనీ ధర దించుకోక తప్పదు. 12 రూపాయల కంపెనీ గరిష్ఠ ధర దాకా ఎగబాకడానికి వీల్లేదు, ఉన్న ధర దగ్గరే ఆగాలి. ఈ లెక్కలో తయారీ ఖర్చు ఎక్కడా లేదు. ఖరీదైన బ్రాండ్లే ఎక్కువగా ఉన్న మందుకు సగటూ ఎక్కువే వస్తుంది. విమర్శకుల ప్రధాన అభ్యంతరం ఇదే. ఖర్చు లెక్కలను కంపెనీల నుంచి రాబట్టడం, సరిచూడటం పాత పద్ధతిలో ఎడతెగని పని అయ్యిందని ప్రభుత్వం సమాధానం.

జాబితాలోని మందుల ధరలు ఏటా ఏప్రిల్ 1న టోకు ధరల సూచీ మేరకు మారతాయి. 2022లో 10.77 శాతం, 2023లో 12.12 శాతం పెంపుకు అవకాశం వచ్చింది. 2024లో అది 0.00551 శాతం, అంటే దాదాపు సున్నా. జాబితాలో లేని మందులకు తొలి ధర కంపెనీ ఇష్టం. ఆపైన ఏడాదికి పది శాతం మించి పెంచకూడదు. దీంతో 2022, 2023ల్లో అత్యవసర మందుల మీద అనుమతించిన పెంపు మిగిలిన మందుల పరిమితిని దాటిన వింత చోటుచేసుకుంది. విలువలో చూస్తే గరిష్ఠ ధర కిందికి వచ్చేది దేశీయ మార్కెట్‌లో సుమారు అయిదో వంతే.

జాబితా మందుకు మరో మందు కలిపి, లేదా మోతాదు మార్చి నియంత్రణ తప్పించుకోవడానికి 2013 ఉత్తర్వులో అడ్డుకట్ట ఉంది. అప్పటికే ఆ మందు తయారుచేస్తున్న కంపెనీ అలాంటి కొత్త ఉత్పత్తికి ముందుగా ఎన్‌పీపీఏ దగ్గర చిల్లర ధర ఖరారు చేయించుకోవాలి. జాబితా మందు తయారీ మానేయాలంటే కనీసం ఆరు నెలల ముందు ప్రకటన ఇవ్వాలి. గరిష్ఠ ధర మించి వసూలు చేసిన మొత్తాన్ని వడ్డీతో సహా రాబడతారు. ఈ డిమాండ్లలో పెద్ద భాగం ఏళ్ల తరబడి కోర్టుల్లోనే నలుగుతోంది. షాపువాడికీ నిబంధనలున్నాయి: స్ట్రిప్పు కత్తిరించి నాలుగు బిళ్లలే ఇచ్చినా ఆ నాలుగింటి దామాషా ధరే తీసుకోవాలి, తగిన కారణం లేకుండా మందు అమ్మననకూడదు.

ఉత్తర్వులోని 19వ పేరా ఎన్‌పీపీఏకు అసాధారణ అధికారం. ప్రజా ప్రయోజనం కోసం ఏ మందు ధరనైనా అది నిర్ణయించవచ్చు. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకు దీన్ని వాడారు. అంతవరకు సగటున లక్షా ఇరవై వేలు పలికిన మందుపూత స్టెంటు గరిష్ఠ ధర 29,600కు, మామూలు స్టెంటు ధర 7,260కు దిగాయి. ఆగస్టులో మోకాలి కీళ్ల వంతు వచ్చింది. అదే పేరా ధరలు పెంచడానికీ పనికొచ్చింది. చైనా నుంచి వచ్చే ముడిసరుకు ధర పెరిగి, పాత చవక మందుల తయారీ గిట్టుబాటు కాక కంపెనీలు మానేసే పరిస్థితి వచ్చినప్పుడు 2019లో బీసీజీ టీకా, విటమిన్ సి వంటి 21 మందుల ధరలను 50 శాతం పెంచారు. 2024లో మరో ఎనిమిదింటికి అదే చేశారు. ధర మరీ తక్కువైతే మందే దొరకదన్న వాస్తవాన్ని నియంత్రకుడే ఒప్పుకున్న సందర్భాలివి.

2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 36 ప్రాణరక్షక మందులకు పన్ను పూర్తిగా ఎత్తేశారు.

మార్జిన్లు, బ్రాండ్లు, జనరిక్‌లు

కంపెనీ నుంచి మందు స్టాకిస్టుకు, అక్కడినుంచి షాపుకు చేరుతుంది. జాబితా మందులకు స్టాకిస్టుకు 8, షాపుకు 16 శాతం, మిగిలినవాటికి 10, 20 శాతం మార్జిన్ వ్యాపార ఆనవాయితీ. మెడికల్ రెప్‌లు డాక్టర్ల చుట్టూ తిరిగి అమ్మే బ్రాండెడ్ మందుల సంగతిది. రెప్‌లు లేకుండా నేరుగా షాపులకు వెళ్లే ట్రేడ్ జనరిక్‌ల తీరు వేరు. వాటి మీద బ్రాండుకు దగ్గరగా ఎంఆర్‌పీ అచ్చువేసి, షాపుకు అందులో చిన్న భాగానికే ఇస్తారు. చవక తయారీ లాభం రోగికి కాక కౌంటర్ వెనక మిగిలిపోతుంది.

ఆసుపత్రి సొంత ఫార్మసీల్లో ఇది ఇంకా స్పష్టం. ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలించి ఎన్‌పీపీఏ 2018లో ఇచ్చిన నివేదికలో కొన్ని వస్తువుల మీద మార్జిన్ 1,737 శాతం దాకా కనిపించింది. టోకున కొనే ఆసుపత్రే ఎక్కువ ఎంఆర్‌పీ అచ్చువేయమని అడుగుతుందనీ, కంపెనీ ఒప్పుకుంటుందనీ ఆ నివేదిక చెప్పింది. మందు రాసేదీ కొనేదీ అమ్మేదీ ఒకరే అయినచోట పోటీ ధరను పెంచుతుంది. దీనికి విరుగుడుగా 2019లో 42 క్యాన్సర్ మందులకు వ్యాపార మార్జిన్‌ను 30 శాతానికి పరిమితం చేశారు.

డాక్టర్లకు బహుమతులు, విదేశీ యాత్రలను నిషేధించే మార్కెటింగ్ నియమావళి 2024 మార్చిలో వచ్చింది. ఫిర్యాదుల విచారణను పరిశ్రమ సంఘాల కమిటీలకే వదిలేయడం దాని లోపం. జనరిక్ పేర్లే రాయాలని 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధన మూడు వారాల్లోనే నిలిచిపోయింది. నాణ్యత మీద నమ్మకం లేకుండా పేరు మారిస్తే బ్రాండు ఎంపిక డాక్టరు నుంచి షాపువాడి చేతికి వెళ్తుందన్నది డాక్టర్ల సంఘాల వాదన.

ప్రభుత్వమే నడిపే జనరిక్ వ్యవస్థ జన ఔషధి. 2008లో అమృత్‌సర్‌లో తొలి కేంద్రం తెరిచారు. చాలాకాలం నత్తనడక నడిచి 2023 నవంబరులో పదివేలు, 2025 ఆరంభంలో 15 వేల కేంద్రాలకు చేరింది. పేరున్న మూడు బ్రాండ్ల సగటు ధరలో సగానికి మించకుండా ఇక్కడ ధర పెడతారు.

పేటెంటు మందులు

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మేరకు 2005 జనవరి నుంచి మందులకే పేటెంటు తిరిగి వచ్చింది. అయితే పాత మందుకు చిన్న మార్పు చేసి పేటెంటు పొడిగించుకోవడాన్ని 3(డి) సెక్షన్ అడ్డుకుంటుంది. నోవార్టిస్ రక్తక్యాన్సర్ మందు కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు దీన్ని నిలబెట్టింది. అంతకుముందు ఏడాది మార్చిలో హైదరాబాద్ కంపెనీ నాట్కోకు దేశంలో తొలి తప్పనిసరి లైసెన్సు దక్కింది. బేయర్ కంపెనీ సొరాఫెనిబ్‌ను నెలకు సుమారు 2.8 లక్షలకు అమ్ముతుండగా నాట్కో 8,880 రూపాయలకు ఇవ్వాలనీ, అమ్మకాల మీద రాయల్టీ చెల్లించాలనీ షరతు. ఆ తరవాత మరో తప్పనిసరి లైసెన్సు ఇవ్వలేదు.

పేటెంటు మందులకు ధర బేరమాడే పద్ధతి మాత్రం లేదు. 2007లో వేసిన కమిటీ 2013లో ఇచ్చిన నివేదిక అమలు కాలేదు. 2019లో పేటెంటున్న కొత్త మందులకు అయిదేళ్ల పాటు ధరల నియంత్రణ నుంచి మినహాయింపు ఇచ్చారు.

డబ్బు ఎవరు కడతారు

జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు నేరుగా జేబునుంచి పెట్టే వాటా 2013–14లో 64.2 శాతం ఉండగా 2021–22కు 39.4 శాతానికి తగ్గింది. తగ్గుదల నిజమే అయినా, వచ్చిన పథకాల్లో చాలావాటికి గురి ఆసుపత్రిలో చేరడం మీదే. బీపీ, షుగర్, థైరాయిడ్ బిళ్లలు జీవితాంతం వాడేవాళ్ల నెలవారీ ఖర్చుకు వాటిలో చోటు లేదు.

ఓపీ మందులూ కలిసిన పథకాలు ఉద్యోగంతో ముడిపడినవి. 1952లో మొదలైన ఈఎస్ఐ కింద నెలకు 21 వేలలోపు వేతనమున్న కార్మికులకు డిస్పెన్సరీలో మందులు ఉచితం. యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం చందా కడతారు. కేంద్ర ఉద్యోగులకు 1954 నుంచి సీజీహెచ్ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్ ఉన్నాయి. రాష్ట్ర ఉద్యోగుల మెడికల్ రీయింబర్స్‌మెంట్ మరో తరహా. ముందు చేతి డబ్బు కట్టి, తరవాత డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, ఎసెన్షియాలిటీ సర్టిఫికేట్, ఎమర్జెన్సీ సర్టిఫికేట్ జతచేసి పెట్టుకుంటే పరిశీలన జరిగి, ప్యాకేజీ రేట్ల మేరకు కోత పడి, బడ్జెట్ విడుదలైనప్పుడు మంజూరవుతుంది.

పేద కుటుంబాలకు 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ ఏడాదికి అయిదు లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. చేరేముందు మూడు రోజులు, డిశ్చార్జ్ తరవాత 15 రోజుల మందులు ప్యాకేజీలో కలిసే ఉంటాయి. ఇక్కడ ఒక విశేషముంది. నగదు కట్టే రోగి విషయంలో ఎంఆర్‌పీ ఎంత ఎక్కువైతే ఆసుపత్రికి అంత లాభం. ప్యాకేజీ రోగి విషయంలో మందు ఎంత చవగ్గా కొంటే అంత లాభం. ఒకే ఆసుపత్రి, ఒకే మందు. డబ్బు కట్టే పద్ధతి మారితే బేరం దిశే మారిపోతుంది.

మూడో దారి ప్రభుత్వమే టోకున కొని ఉచితంగా ఇవ్వడం. 1994లో ఏర్పడిన తమిళనాడు వైద్య సేవల సంస్థ దీనికి నమూనా. సాంకేతిక అర్హతకు ఒక కవరు, ధరకు మరో కవరు తీసుకునే టెండర్లు, జిల్లా గోదాములు, పంపిణీకి ముందు ప్రయోగశాల పరీక్ష, ‘అమ్మకానికి కాదు’ అన్న ముద్ర దాని పద్ధతులు. 2011లో రాజస్థాన్ ఉచిత మందుల పథకం ఈ దారినే పట్టింది. టెండరులో వచ్చే ధరలు ఎంఆర్‌పీలో చిన్న భాగమే. కొనేవాడు పెద్దవాడైతే ధర ఎంత దిగుతుందో దేశంలోనే రుజువైన ఉదాహరణ ఇది.

తెలుగు రాష్ట్రాలు

బాలానగర్‌లోని ఐడీపీఎల్ హైదరాబాద్‌ను ముడి మందుల కేంద్రంగా మార్చింది. అక్కడ పనిచేసిన కల్లం అంజి రెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. నాట్కో, అరబిందో, హెటెరో, దివీస్ ఆ దశాబ్దంలోనూ తరవాతి దశాబ్దంలోనూ ఎదిగాయి. విధాన పేటెంటు కాలం ఇచ్చిన రసాయన నైపుణ్యం వీటికి పెట్టుబడి. విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీ, కాకినాడ ప్రాంతంలో 2024లో మొదలైన పెన్సిలిన్ జి కర్మాగారం చైనా ముడిసరుకు మీద ఆధారపడటం తగ్గించే యత్నంలో భాగం. ముడి మందు ధర మీదే గరిష్ఠ ధర నిలబడుతుందా లేదా అన్నది తేలుతుంది కనుక ఈ ఫ్యాక్టరీల జమాఖర్చు నేరుగా ధరల విధానానికి చుట్టుకుంటుంది.

చెల్లింపుల విషయంలోనూ ఈ ప్రాంతానిది ముందడుగే. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద జబ్బులకు నగదు లేని చికిత్స ఇచ్చింది. ఆయుష్మాన్ భారత్‌కు పదకొండేళ్ల ముందు మాట అది. 2023 డిసెంబరులో పరిమితిని తెలంగాణ పది లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. ఆంధ్రలో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఆసుపత్రి మెట్లు దిగాక పది రోజుల మందులు, కొన్ని చికిత్సలకు ఏడాది ఫాలోఅప్ ఇస్తారు. అంతకుమించి నెలనెలా వాడే మందులకు ప్రభుత్వాసుపత్రి కౌంటరో, మందుల షాపో దిక్కు. ప్రభుత్వ కౌంటర్లకు మందులు కొనేది రెండు రాష్ట్రాల వైద్య సేవల, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థలు. కొనుగోళ్లకు పకడ్బందీ టెండర్లు లేకపోతే ఏమవుతుందో 2019లో తెలంగాణ ఈఎస్ఐ మందుల కుంభకోణంలో నమోదైన ఏసీబీ కేసులు చూపాయి.

సమీక్ష

ధరల నియంత్రణ వల్ల భారత్‌లో మందు దొరికే ధర దిగివచ్చిందనడంలో సందేహం లేదు. కానీ గరిష్ఠ ధర ఖర్చుకు హద్దు మాత్రమే గీస్తుంది, ఖర్చు భరించదు. స్ట్రిప్పు ధర పది రూపాయలు తగ్గినా నెలకు ఆరు స్ట్రిప్పులు కొనాల్సినవాడికి ఆరు స్ట్రిప్పుల ఖర్చు మిగిలే ఉంటుంది. మందు ప్రయోజనాన్ని ఖర్చుతో తూచి చూసే సంస్థాగత ఏర్పాటు 2017లో హెచ్‌టీఏ ఇండియా రూపంలో వచ్చినా, ధర నిర్ణయంలో దాని మాటకు చట్టబద్ధమైన స్థానం లేదు. నాణ్యత తనిఖీ రాష్ట్రాల మధ్య చీలి ఉన్నంతకాలం చవక జనరిక్ మీద డాక్టరుకూ రోగికీ అనుమానం పోదు, ఆ అనుమానం ఉన్నంతకాలం ఖరీదైన బ్రాండు నిలుస్తుంది. 1940 చట్టం స్థానంలో కొత్త చట్టం, ఓపీ మందులను బీమా పథకాల్లో చేర్చడం అన్న రెండు సంస్కరణలూ చాలాకాలంగా చర్చలోనే ఉన్నాయి. రోగి తరఫున కొనేవాడు బలపడినచోట ధరలు ఎలా దిగాయో తమిళనాడు గోదాములూ, ఆరోగ్యశ్రీ ప్యాకేజీలూ ఇప్పటికే చూపాయి. 1962 నుంచి ఎంఆర్‌పీ మీద పెట్టిన శ్రద్ధలో కొంతయినా ఇకపై ఆ కొనుగోలుదారును తయారుచేయడం మీద పెట్టాల్సి ఉంది.